ఒక గుడ్డ తక్కువ

మా ఇంట్లో నర్సును నేనొక్కదాన్నే. డాక్టర్లు మాత్రం నలుగురు. మా అమ్మ, తమ్ముడు, మరదలు, వీధి చివర మందుల షాపాయన. ఆఖరాయన మా ఇంట్లో ఉండడు గానీ, మా ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు తెలిసేది ఆయనకే. ఈ నలుగురూ తలా ఒక జబ్బు పేరు చెప్పి, తలా ఒక వైద్యం చేసి, ఏదీ పారకపోతే అప్పుడు నాకు కబురు పెడతారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

ఆపరేషన్ థియేటర్లో నేను పనిచేయబట్టి ఇరవై రెండేళ్ళు. డాక్టరు చెయ్యి చాపితే కావలసిన పనిముట్టు ఆ చేతిలో పెట్టడం నా పనిలో సగం. మిగతా సగం లెక్క. పొట్ట కోసినప్పుడు రక్తం అద్దడానికి గాజుగుడ్డలు వాడతారు. అవి తడిసి ముద్దయ్యాయంటే లోపల పేగేదో గుడ్డేదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. అందుకే లోపలికి వెళ్ళినవన్నీ బయటికొచ్చాయని నేను చెప్పేదాకా పొట్ట మూయరు. ఇది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉన్నదే. మా ఆసుపత్రిలో దీనికి తోడు ఇంకో రూలుంది. ఒకప్పుడు మా పెద్ద డాక్టరుగారు ఎవరిదో పిత్తాశయం తీసి సీసాలో వేయిస్తే, దానికంటుకుని ఒక గుడ్డ కూడా సీసాలోకి పోయింది. ఒకటి తక్కువుందని నేను చెప్పాను. పొట్ట తెరిచిపెట్టి రెండున్నర గంటలు వెతికాం. సీసాలో ఉన్న గుడ్డ పొట్టలో దొరకదు కాబట్టి దొరకలేదు. ఆ అవమానం చల్లారాక ఆయనే స్వయంగా ఒక రూలు రాసి, కింద సంతకం పెట్టి, అద్దం బిగించి థియేటర్ గోడకు కొట్టించారు. 'ఏ అవయవమైనా కోసి తీసేముందు గుడ్డల లెక్క తేలవలెను. లెక్క తేలనిదే కత్తి కదలరాదు.'

నా లెక్క ఏనాడూ తప్పలేదు. ఐదేళ్ళ కిందట ఆసుపత్రివాళ్ళు ఆ సంగతి రాసి నాకొక ప్రశంసాపత్రం ఇచ్చారు. అమ్మ దాన్ని ముందుగదిలో మేకుకు తగిలించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు" అంటుంది, నేనేదో బళ్ళో లెక్కల టీచర్నైనట్టు.

పెద్ద డాక్టరుగారికి ఇంకో రూలు కూడా ఉంది. అది గోడ మీద లేదు, ఆయన తలలో ఉంది. ఆడవాళ్ళ అండాశయం ఒక కాడకు వేలాడుతుంటుంది. దానికి రక్తం వచ్చేదీ పోయేదీ ఆ కాడలోంచే. ఒక్కోసారి అది గిర్రున తిరిగి కాడ మెలిపడుతుంది. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు మెలిపడితే నీళ్ళాగినట్టు రక్తం ఆగిపోతుంది, అండాశయం ఉబ్బి నల్లబడుతుంది. నల్లబడితే విప్పకూడదు, ఉన్నపళంగా కోసి తీసెయ్యాలి అన్నది ఆయన రూలు. విప్పితే అందులో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోయి మనిషి చచ్చిపోతుందని ఆయన గురువుగారు చెప్పారట. ఆ గురువుగారికి వాళ్ళ గురువుగారు చెప్పారట. అలా చచ్చినవాళ్ళను ఎవరైనా చూశారా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మా తమ్ముడి కూతుర్ని మేం పిట్ట అంటాం. గొంతు అలా ఉంటుంది. దానికి పదకొండేళ్ళప్పుడు ఎడమవైపు ఇలాగే మెలిపడింది. పెద్ద డాక్టరుగారు పొట్ట తెరిచి చూశారు, 'నల్లగా ఉంది' అన్నారు, నన్ను లెక్క అడిగారు, నేను చెప్పాను, కోసి తీసి నా చేతిలోని పళ్ళెంలో పెట్టారు. నేను కిక్కురుమనలేదు. "ఏం ఫర్వాలేదు, కుడివైపు ఇంకోటి ఉందిగా" అన్నారాయన. ఇంటికొచ్చి మేమూ ఒకరికొకరం అదే చెప్పుకున్నాం. ఇంకోటి ఉందిగా.

ఆ ఇంకోటి మొన్నటిదాకా బాగానే ఉంది.

ఆ రోజు నేను పొద్దున్నే ఆరున్నరకు డ్యూటీకి వెళ్ళిపోయాను. ఏడింటికి పిట్టకు పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలైందట. మొదటి డాక్టరు మా అమ్మ. గ్యాసని తేల్చి, పొట్ట మీద వేడినీళ్ళ సీసా పెట్టించింది. రెండో డాక్టరు మా తమ్ముడు. వాడు బస్సు డిపోలో టైం కీపరు. ఏ బస్సు మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా ఎర్ర సిరాతో రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించుకుంటాడు. అలాంటివాడు కూతురు చుట్టచుట్టుకుని పడుకోవడం చూసి, "రేపు పరీక్ష కదా, ఇవాళ కడుపునొప్పి రాకపోతేనే ఆశ్చర్యం" అని డిపోకి పోయాడు. మూడో డాక్టరు మా మరదలు. నెలసరి ముందొచ్చే నొప్పని, వాళ్ళ అక్కకూ అచ్చం ఇలాగే వచ్చేదని, ఆ అక్క ఇప్పుడు నిక్షేపంలా ఉందని ధైర్యం చెప్పింది. నాలుగో డాక్టరు, మందుల షాపాయన, కుడివైపంటున్నారు కాబట్టి అపెండిక్సు కావచ్చునని, కాకపోతే కాకపోవచ్చునని సెలవిచ్చి తెల్లమాత్ర ఒకటి పంపించాడు. ఎటు తిరిగినా ఆయన మాట తప్పదు.

తొమ్మిదింటికి పిట్ట రెండుసార్లు వాంతి చేసుకుంది. తొమ్మిదిన్నరకు తమ్ముడు డిపోలోంచి నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, పిట్టకి కడుపునొప్పంట. వాంతులు కూడా అయినాయంట."

"ఎప్పట్నించి?"

"పొద్దుట్నించే. అమ్మ గ్యాసంటోంది."

ఇరవై రెండేళ్ళ నా అనుభవం నిద్ర లేవాల్సింది అక్కడ. అండాశయం ఒక్కటే మిగిలిన పిల్ల, నొప్పి, వాంతులు. దారిన పోయేవాళ్ళకు చెప్పినా అర్థమవుతుంది. కానీ నాకు టేబుల్ మీద అప్పటికే రెండో కేసు పడుకుని ఉంది. పైగా ఆ నెలలో ఇంటి నుంచి అలాంటి ఫోను అది మూడోది. ముందు రెండుసార్లూ పిట్టకు కాదు, అమ్మకు, చూస్తే ఏమీ లేదు. "నొప్పి మాత్ర ఇవ్వండ్రా, సాయంత్రం వచ్చి చూస్తా" అన్నాను.

మా ఇంట్లో డాక్టర్లు నలుగురన్నాను కదా. ఐదుగురని దిద్దుకోండి.

పన్నెండు కావస్తుండగా మళ్ళీ ఫోను. ఈసారి పిట్టే.

"అత్తా, అప్పట్లాగే ఉంది."

"ఎప్పట్లాగే?"

"అప్పట్లాగే, అత్తా. అటువైపు ఎలా ఉండిందో, ఇప్పుడు ఇటువైపు అలా ఉంది. ఎవరికి చెప్పినా పడుకోమంటున్నారు."

నొప్పి ఎవరికొచ్చిందో ఆ మనిషినే అడిగితే సరిపోతుందన్న ఆలోచన ఐదుగురు డాక్టర్లలో ఒక్కరికీ రాలేదు. ఉన్నపళంగా తీసుకురమ్మని మరదలికి ఫోన్ చేశాను. "అన్నం తిన్నాక తీసుకురమ్మంటావా వదినా?" అంది. నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆ అమ్మాయి ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటోంది.

ఒంటిగంటకు స్కానింగు. చేసింది మా చిన్న డాక్టరమ్మ. మా ఆసుపత్రికి వచ్చి ఎనిమిది నెలలే. కోటు జేబులో ఎప్పుడూ మడత పెట్టిన కాగితాలేవో ఉంటాయి, ఖాళీ దొరికితే తీసి చదువుకుంటుంది. ఆ అలవాటు చూసి పెద్ద డాక్టరుగారు, "పాపం, ఇంకా చదువు పూర్తి కాలేదు" అని నవ్వుతుంటారు. ఆయనది ఎప్పుడో పూర్తయిపోయింది, మళ్ళీ ఆ జోలికి వెళ్ళలేదు.

తెర మీద కాడ సుడి తిరిగి కనపడింది. రక్తం పారుతున్న జాడ లేదు.

"మేడమ్, దీనికి ఇదొక్కటే ఉంది" అన్నాను.

"తెలుసు సిస్టర్. పాత ఫైలు చూశాను."

"ఇది కూడా పోతే?"

ఆమె నా మొహం చూసింది. "పదహారేళ్ళకే ఒంట్లో అన్నీ ఆగిపోతాయి. పిల్లలు పుట్టడం మాట తర్వాత, ముందు ఎముకలు గుల్లబారతాయి. బతికినన్నాళ్ళూ మాత్రలు మింగాలి. పదండి, మాటలకు టైం లేదు."

సొంతవాళ్ళ ఆపరేషన్లో నర్సు ఉండకూడదంటారు. నిజమే. కానీ ఆ రోజు రెండింటికి ఆసుపత్రి కొత్త విభాగం ప్రారంభోత్సవం. రిబ్బను కత్తిరించేది పెద్ద డాక్టరుగారే. నర్సులందరినీ ఇస్త్రీ బట్టలతో రెండు వరసల్లో నిలబెట్టారు, రిబ్బను ఎక్కడ మూర్ఛపోతుందోనన్నట్టు. అత్యవసరానికి మిగిలింది నేను, మత్తు డాక్టరు, థియేటర్ ఊడ్చే ఆయమ్మ. పెద్ద డాక్టరుగారికి కబురు పంపితే, "తెరిచి ఉంచండి, వచ్చి చూస్తాను, నేను చెప్పేదాకా ఏదీ ముట్టుకోవద్దు" అని జవాబొచ్చింది. డబ్బా మూత సంగతి చెప్పినట్టు చెప్పారు.

స్ట్రెచర్ మీద పిట్ట నా చెయ్యి పట్టుకుంది.

"ఇది కూడా తీసేస్తారా అత్తా?"

"తియ్యరు. నేనుంటాగా లోపల."

"అప్పుడు కూడా నువ్వున్నావుగా" అంది.

దెప్పడానికి అన్నది కాదు. నొప్పిలో ఉన్న పిల్ల గుర్తొచ్చింది అనేసింది. నాకు మాత్రం ఆ మాట గుండెలో ముల్లులా దిగి, మత్తిచ్చి దాని చెయ్యి వదిలించేదాకా అలాగే ఉండిపోయింది.

చిన్న డాక్టరమ్మ పొట్ట తెరిచింది. అండాశయం ఉండాల్సినదానికి మూడింతలై, ముదురు వంకాయ రంగులో ఉంది. కాడ మూడు చుట్లు తిరిగి ఉంది. ఆమె ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. ఏదీ ముట్టుకోవద్దన్నారు కదా. తర్వాత మెల్లగా, ఒకటి, రెండు, మూడు, చుట్లు విప్పేసింది.

"గోరువెచ్చటి సెలైన్లో తడిపిన గుడ్డ ఇవ్వండి సిస్టర్."

ఇచ్చాను. దాన్ని అండాశయం చుట్టూ కప్పి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?"

"ఏమీ చెయ్యకూడదు. ఆగాలి. పావుగంట, ఇరవై నిమిషాలు. నలుపు చావు రంగు కాదు సిస్టర్. వచ్చిన రక్తం బయటికి పోయే దారి లేక అలా అయింది. దారి తెరిచాం. దానికి కాస్త టైమివ్వాలి."

థియేటర్లో ఏమీ చెయ్యకుండా నిలబడటం నేను ఇరవై రెండేళ్ళలో మొదటిసారి చూశాను. కొయ్యడం చూశాను, కుట్టడం చూశాను, ఆగడం మాత్రం ఎవరూ నేర్పినట్టు లేదు. గోడ గడియారం చూశాను. మూడు నిమిషాలు గడిచాయి. అప్పుడు తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరుగారు వచ్చారు. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, ఉషారుగా ఉన్నారు. రిబ్బను ఒక్క వేటుకే తెగిందట.

గుడ్డ ఎత్తి చూశారు.

"నల్లగా ఉంది. ఎందుకు విప్పావమ్మా? ఎవరు విప్పమన్నారు? గడ్డ ఊపిరితిత్తులకి పోతే ఎవరిది బాధ్యత?"

"ఇంతవరకూ ఏం పోలేదు సార్. గుండే ఊపిరీ భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు మత్తు డాక్టరు తన మిషను వెనకనుంచి. ఆయన నోరు విప్పి మాట్లాడితే అదే పదివేలు.

"ఇంకో పావుగంట చూద్దాం సార్" అంది చిన్న డాక్టరమ్మ. "రంగు చూసి చెప్పలేమంటున్నారు ఇప్పుడు. నల్లగా ఉన్నవి కూడా చాలావరకు కోలుకుంటున్నాయి. ఈ అమ్మాయికి ఇదొక్కటే ఉంది సార్."

"ఒక్కటుందని కుళ్ళినదాన్ని లోపల పెట్టి కుడతామా? నేను ముప్ఫై ఏళ్ళుగా ఇవి చూస్తున్నా. నల్లబడ్డది తెల్లబడటం ఎక్కడా చూళ్ళేదు."

చూడరు మరి. చూసేలోపే తీసి సీసాలో వేస్తే అదెలా తెల్లబడుతుంది? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మాస్కు ఉండటం ఒకందుకు మంచిది.

"క్లాంపు" అని చెయ్యి చాపారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ చెయ్యి చాపగానే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. ఆ రోజు కదల్లేదు. భయమేసింది. ఆయనంటే కాదు, నా చెయ్యంటే. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అలవాటుకొద్దీ అందించేస్తుందేమోనని భయం.

"లెక్క చూసుకుంటాను సార్" అన్నాను.

"కానివ్వు."

లెక్కపెట్టాను. పది గుడ్డలు తీశాం. పదీ ఉన్నాయి. పదోది, రక్తంతో తడిసినది, నా చేతిలోనే ఉంది. దాన్ని టేబుల్ అంచు మీంచి జారవిడిచి, కాలు ముందుకు జరిపి చెప్పు కింద నొక్కిపెట్టాను.

"ఒకటి తక్కువ సార్."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నీ లెక్క తప్పదే" అన్నారాయన.

"అందుకే చెబుతున్నాను సార్. తప్పదు కాబట్టే. ఒకటి తక్కువ."

ఆయన చూపు గోడ మీదికి పోయింది. సొంత సంతకం అంత పెద్దదిగా పెట్టుకోకుండా ఉండాల్సింది. చిన్న డాక్టరమ్మ మాస్కు పైనుంచి నన్నొకసారి చూసింది, తర్వాత గోడను చూసింది. "రూలు రూలే కదా సార్. వెతుకుదాం" అంది. అంటూనే వెచ్చటి గుడ్డ మార్చి అండాశయం మీద మళ్ళీ చెయ్యి పెట్టుకుంది.

వెతకడం మొదలైంది. ఆయమ్మ బకెట్లన్నీ బోర్లించింది. సీసాలు ముందుగా చూశారు, పాత అనుభవం ఉంది కాబట్టి. పెద్ద డాక్టరుగారు పొట్టలో నాలుగు మూలలా వేళ్ళతో తడిమారు. దొరకలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ కోపమంతా ఆయమ్మ మీద పడింది. "పొద్దున సరిగ్గా ఊడ్చావా అసలు?" అని అరిచారు. పొద్దున ఊడ్చినదానికీ మధ్యాహ్నం పోయిన గుడ్డకూ సంబంధమేమిటో ఆయనకే తెలియాలి.

ఆయమ్మ టార్చిలైటు పట్టుకుని టేబుల్ కిందికి దూరింది. వెలుగు నా కాళ్ళ మీద పడి ఆగింది. చెప్పు కిందనుంచి ఎర్రటి అంచు ఒకటి బయటికి కనిపిస్తూ ఉండి ఉంటుంది. నలుగురు పిల్లల తల్లి ఆమె. కిందనుంచి నా మొహంలోకి చూసింది.

"ఇక్కడేం లేదండీ. శుభ్రంగా ఉంది" అంది.

ఎనిమిది నిమిషాలు. పది. నేను చేసింది తప్పా అంటే తప్పే. మత్తులో ఉన్న పిల్ల పొట్ట తెరిచిపెట్టి అబద్ధమాడాను. ఇంకెవరైనా నర్సు ఆ పని చేసిందని తెలిస్తే ముందు నేనే చెంప పగలగొడతాను. అయినా కాలు తియ్యలేదు. దేవుడా, ఇంకో రెండు నిమిషాలు, ఇంకో రెండు నిమిషాలు అనుకుంటూ గడియారం ముల్లుకు దణ్ణం పెడుతూ నిలబడ్డాను.

పద్నాలుగో నిమిషంలో చిన్న డాక్టరమ్మ గుడ్డ తీసింది. నలుపు అలాగే ఉన్నట్టనిపించింది నాకు. ఆమె మాత్రం వంగి ఒక అంచు చూపించింది. అక్కడ వంకాయ రంగు పలచబడి, దెబ్బ తగిలిన చర్మం మానేటప్పుడుండే రంగులోకి దిగింది. ఆమె సూది మొనతో పైన చిన్న గాటు పెట్టింది.

ఒక చుక్క రక్తం ఊరింది. నల్లది కాదు. ఎర్రది. తాజాది. దాని వెనకే ఇంకో చుక్క.

నేను ఆ చుక్కలను చూస్తూ ఉండిపోయాను. రక్తం చూసి ఏడుపొచ్చిన నర్సును లోకంలో నేనొక్కదాన్నేనేమో.

పెద్ద డాక్టరుగారు కూడా చూశారు. చాలాసేపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"నేను ఎప్పుడూ చెబుతూనే ఉంటా" అన్నారు, "ఇలాంటివాటిలో తొందరపడకూడదని."

సరిగ్గా అప్పుడే ఆయమ్మ, "ఇదిగోనండీ, దొరికింది, బకెట్ వెనకాల పడింది" అంటూ పట్టకారుతో ఎర్రటి గుడ్డ ఒకటి ఎత్తి చూపించింది. నేను కాలెప్పుడు తీశానో, ఆమె ఎప్పుడు లాక్కుందో నాకు తెలియదు. అంత చాకచక్యం నాకు ఇరవై రెండేళ్ళలో అబ్బలేదు. ఈసారి చిన్న డాక్టరమ్మే నాతో కలిసి లెక్క సరిచూసింది. పదికి పది. అండాశయం మళ్ళీ తిరగకుండా రెండు కుట్లు వేసి కట్టేసి, పొట్ట మూసింది. పెద్ద డాక్టరుగారు టీ తాగడానికి కొత్త విభాగానికి వెళ్ళారు.

బయట వరండాలో నా ముగ్గురు డాక్టర్లూ కూర్చుని ఉన్నారు. నాలుగో ఆయన ఫోనులో ఉన్నాడు. నేను సంగతి చెప్పగానే అమ్మ, "నేను గ్యాసన్నది పైపైకేనే, లోపల నాకు అనుమానంగానే ఉంది" అంది. మందుల షాపాయన, కుడివైపేనని తాను ముందే చెప్పానని గుర్తుచేశాడు. తమ్ముడు మాత్రం గోడ గడియారం వంకే చూస్తున్నాడు.

"ఏడింటికి మొదలైందక్కా" అన్నాడు. "నేను డిపోకెళ్ళి, ఆలస్యమైన బస్సులు పదకొండు రాశాను."

వాణ్ణి తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. తిట్టే అర్హత నాకెక్కడిది? వెళ్ళి పక్కన కూర్చున్నాను.

వారం తిరక్కుండా రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి థియేటర్ గోడకు, పాత రూలు పక్కన, అద్దం బిగించి మరీ కొట్టారు. 'మెలిపడి నల్లబడిన అండాశయమును విప్పి, ఇరవై నిమిషములు వేచి చూడవలెను.' కింద పెద్ద డాక్టరుగారి సంతకం, పాతదానికంటే కాస్త పెద్దది. చిన్న డాక్టరమ్మ పేరు ఎక్కడా లేదు. అడిగితే ఆమె నవ్వి, "పోనీండి సిస్టర్, ఎవరి సంతకమైతే ఏం, గోడ మీదికెక్కింది" అంది. డాక్టర్ల సభలో ఆయన ఈ విషయం మీద ఉపన్యాసం కూడా ఇవ్వబోతున్నారట, ముప్ఫై ఏళ్ళ అనుభవంతో.

రెండో కాగితం నాకు. మెమో. 'ఆపరేషను సమయములో గుడ్డల లెక్కలో నిర్లక్ష్యము వహించి, పద్దెనిమిది నిమిషములు జాప్యము కలిగించినందున హెచ్చరించడమైనది.' దాని కింద కూడా అదే సంతకం. రెండూ ఒకే రోజు పెట్టినట్టున్నారు, సిరా ఒకటే. ఆ పద్దెనిమిది నిమిషాలు లేకపోతే ఈ ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి వచ్చేవని అడగాలనిపించింది. అడగలేదు. చిన్న డాక్టరమ్మ ఒక్కతీ నన్ను పక్కకు పిలిచి, "మళ్ళీ అలా చెయ్యకండి. మళ్ళీ చెయ్యాల్సిన అవసరం రాకుండా నేను చూసుకుంటాను" అంది. నేను తలూపాను. అది మాత్రం మెమో కంటే గట్టిగా తగిలింది.

మెమోకు పటం కట్టించి ఇంటికి తెచ్చాను. ముందుగదిలో ప్రశంసాపత్రం తీసి, అదే మేకుకు దీన్ని తగిలించాను. అమ్మ గోలగోల చేసింది. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే? బుద్ధున్నవాళ్ళు తిట్లకి పటం కడతారా?" అంది. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆరు వారాలకు పిట్టకు మళ్ళీ స్కానింగు చేశారు. అండాశయం మామూలు సైజుకొచ్చింది. రక్తం చక్కగా పారుతోంది. లోపల గింజల్లాంటి చిన్న చిన్న బుడగలు వరసగా కనిపించాయి. అవి కనపడితే అది పనిచేస్తున్నట్టే. తెర మీద వాటిని చూసి పిట్ట, "ఓస్, ఇంతేనా" అంది. దానికోసం ఇంతమందిమి ఇంత గోల పడ్డామా అన్నట్టు. ఆ మాట విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇంటికొచ్చాక ముందుగదిలో బల్ల మీద కూర్చుని మెమో పటం వంకే చూస్తోంది. నేను బట్టలు మడత పెడుతున్నాను.

"అత్తా, ఆయమ్మ నాకంతా చెప్పింది."

"ఆయమ్మకి నోరాగదు."

"గుడ్డ చెప్పు కింద పెట్టావంట. ఇరవై నిమిషాలు ఆగితే మంచి రక్తం వచ్చిందంట. అందుకోసం అబద్ధం చెప్పావంట."

"చెప్పాను. నువ్వు మాత్రం చెప్పకు. తప్పు."

అది నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. చెయ్యి తెలియకుండానే ఎడమవైపుకు పోయింది. అక్కడ పాత మచ్చ ఉంది.

"మరి ఇటువైపుది? అప్పుడు కూడా ఇరవై నిమిషాలు ఆగి ఉంటే?"

ఐదేళ్ళుగా ఈ ప్రశ్న కోసం నేను నాలుగైదు జవాబులు సిద్ధం చేసుకున్నాను. అప్పటికి చాలా ఆలస్యమైందని. అప్పుడు ఎవరికీ తెలియదని. పెద్ద డాక్టరుగారి మాట కాదనే దమ్ము ఎవరికుందని. అన్నీ కొంచెం కొంచెం నిజమే. అటక మీద పాత గుడ్డల కింద పెట్టిన ప్రశంసాపత్రం, దాని మొదటి ఆపరేషన్ జరిగిన ఏడాది తేదీ వేసి ఉన్నది, కళ్ళముందు కదిలింది.

"అప్పుడు నేను లెక్క సరిగ్గా చెప్పేశాను తల్లీ" అన్నాను.